పొద్దుగూకినాక ఉడికే ఇల్లు: ఎండాకాలం స్లాబుతో పేచీ

రాత్రి పదిన్నర. హన్మకొండలో ఆ వేళకు బయట గాలి కొంచెం తిరుగుతుంది. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. లోపలికి అడుగు పెడితే మళ్లీ అదే ఉడుకు. ఫ్యాను ఐదులో పెట్టినా పైనుంచి వేడిగాలే దిగుతుంది. మూడేళ్ల కింద మే నెలలో ఒక రాత్రి నిద్ర పట్టక స్టూలెక్కి అరచెయ్యి సీలింగుకు ఆనించి చూశాను. జ్వరమొచ్చిన పిల్లవాడి నుదుటి మీద చెయ్యి వేస్తే ఎట్లుంటుందో అట్లుంది. పొద్దు గూకి నాలుగు గంటలైంది. మరి ఈ వేడి ఇంకా ఎక్కడిది?

ఎండాకాలం ఇంటికి ఏం చేయాలని ఎవరినడిగినా గుక్క తిప్పుకోకుండా చెబుతారు. కూలరు గడ్డి మార్చు, ఏసీ సర్వీసింగ్ చేయించు, ట్యాంకు కడిగించు, బంగ్లమీద, అంటే డాబా పైన, సున్నం కొట్టించు. అన్నీ మంచి పనులే. ఏది ముందు చేయాలో, ఏది ఎందుకు పనిచేస్తుందో తెలియకపోతే మాత్రం ఖర్చు ఒక దిక్కు, వేడి ఒక దిక్కు. నేను ముందు ఏసీ కొన్నాను, ఆ తర్వాత రెండేళ్లకు సున్నం కొట్టించాను. అంటే సరిగ్గా తలకిందులుగా చేశాను. అందుకే ఈ లెక్కంతా కూర్చుని వేసుకోవాల్సి వచ్చింది.

నెత్తిన నాలుగు టన్నులు

పొడవూ వెడల్పూ 12 అడుగులున్న పడకగది ఒకటి తీసుకోండి. పైన 5 అంగుళాల స్లాబు. మనం నిద్రపోయే ఆ ఒక్క గది నెత్తి మీదున్న కాంక్రీటు బరువే దాదాపు 4 టన్నులు. దాన్ని 10 డిగ్రీలు వేడెక్కించడానికి పట్టే వేడిని కరెంటు లెక్కలో చెప్పుకుంటే ఇంచుమించు 10 యూనిట్లు. మే ఎండ ఆ పని రోజూ పైసా తీసుకోకుండా చేసిపెడుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు గదిలోంచి తోడి బయట పారబోయగలిగే వేడి 5 యూనిట్లకు కాస్త ఎక్కువ. స్లాబు దాచుకున్నదాంట్లో కొంత రాత్రి ఆకాశంలోకి పోతుంది, నిజమే. మిగిలిందంతా మన మీదికే దిగుతుంది. ఏసీ వేసిన మొదటి గంట గది చల్లబడకపోతే మెకానిక్కును తిట్టుకుంటాం. పాపం, ఆ ఏసీ గాలిని కాదు, 4 టన్నుల రాయిని చల్లార్చే పనిలో ఉంటుంది.

ఆలస్యం సంగతి ఇంకొకటి. పైన తగిలిన వేడి 4, 5 అంగుళాల కాంక్రీటు దాటి కిందికి రావడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. స్లాబు పైభాగం బాగా కాలేది మధ్యాహ్నం ఒకటి, రెండింటికి. కింద సీలింగు బాగా వేడెక్కేది సాయంత్రం ఐదు, ఆరింటికి. ఆపైన అది గోడలకూ మంచాలకూ బీరువాలకూ వేడిని పంచుతూ అర్ధరాత్రి దాకా కూర్చుంటుంది. అందుకే స్లాబు ఇంట్లో పగలు పన్నెండింటికి పడుకున్నవాడు హాయిగా నిద్రపోతాడు, రాత్రి పదింటికి పడుకున్నవాడు పొర్లుతాడు.

రేకుల ఇంట్లో కథ తిరగబడుతుంది. రేకుకు బరువు లేదు, దాచుకునే శక్తి లేదు. పొద్దున తొమ్మిదింటికే లోపల మంట మొదలై, మధ్యాహ్నం కూర్చోలేని స్థితి వస్తుంది. పొద్దు దిగిన గంటలో చల్లబడుతుంది. పాత గూన ఇల్లు ఈ రెండూ కాదు. పెంకు మీద పెంకు, మధ్యలో సందు, పైకెక్కిన వేడిగాలికి ఆ సందుల్లోంచి దారి, కింద మందపాటి మట్టిగోడ. కోతుల పుణ్యమా అని మా దిక్కు ఊళ్లలో గూన నిలవడం లేదు గానీ, చల్లదనం లెక్కలో చూస్తే దాన్ని విప్పి స్లాబు వేసుకున్నప్పుడు మనం పోగొట్టుకున్నది తక్కువేం కాదు. పోనీ, కోతులతో ఎవరు వేగుతారు!

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది: ఎండ ఏ దిక్కు నుంచి వస్తుందన్నది. దక్షిణం గోడకు కిటికీ పెడితే ఎండకు చచ్చిపోతామని భయపడతారు. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 12 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ వేళకు వాకిట్లో రోకలి నిలబెడితే నీడ కనబడదు. ఆదిలాబాద్‌లో అదే ముచ్చట ఇంకో వారానికి జరుగుతుంది. సూర్యుడు నెత్తిన ఉంటే ఏ గోడకూ ఎండ తగలదు, అంతా కప్పు మీదే పడుతుంది. ఆ తర్వాత జూన్ 21 దాకా సూర్యుడు మనకు కాస్త ఉత్తరానికే జరుగుతాడు, కాబట్టి దక్షిణం గోడకు ఎండాకాలంలో తగిలేది స్వల్పం. దాన్ని కాల్చేది చలికాలం ఎండ, అప్పుడది హాయి. వేసవిలో మొదటి శత్రువు కప్పు. రెండోది పడమటి గోడ, సాయంత్రం మూడు దాటాక వాలుగా కొట్టే ఎండను అదే మోస్తుంది. పడమటి గోడ బయట తాటికమ్మల పందిరో, గ్రీన్ నెట్టో, ఆఖరికి ఒక బొప్పాయి చెట్టో ఉన్నా చాలు. అయితే అడ్డం గోడకు, కిటికీకి బయట ఉండాలి. లోపల పరదా వేస్తే ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక పరదాను కాల్చినట్టే, ఆ వేడి గదిలోదే. బయట వెదురు తడిక కట్టి నీళ్లు చిలకరించిన పాతకాలంవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

సగం తెల్లన, సగం నల్లన

సున్నం సంగతి నాకు తెలిసింది నా తొందరపాటు వల్ల. ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం మా బంగ్లమీద నేనే కొడదామని దిగాను. సామాను చాలలేదు. సగం అయ్యేసరికి డ్రమ్ము ఖాళీ. మధ్యాహ్నం మూడింటికి చెప్పుల్లేకుండా పైకెక్కాను. తెల్లగా ఉన్న సగం మీద నిలబడి పక్కింటాయనతో రెండు ముక్కలు మాట్లాడాను, కాలు కాలింది గానీ ఓర్చుకోగలిగాను. సున్నం అంటని సగంలోకి మూడడుగులు వేసి, నాలుగో అడుగు గాల్లోనే తిప్పుకుని వెనక్కి గెంతాను. ఒకే స్లాబు, ఒకే ఎండ. పిట్టగోడ అవతలి నుంచి ఆయన నవ్వుతూ, ‘సారూ, గదే పనిగా దుంకుతున్నవేంది?’ అన్నాడు.

కారణం సులభం. గత వానల్లో పట్టిన పాకుడు ఎండి నల్లబడ్డ స్లాబు, మీద పడిన ఎండలో నాలుగింట ఒక వంతు కూడా వెనక్కి కొట్టదు. కొత్తగా వేసిన తెల్లసున్నం నాలుగింట మూడు వంతుల దాకా తిప్పికొడుతుంది. వేడి స్లాబులోకి దిగాక తోడడం కన్నా దిగకముందే ఆపడం ఎన్నో రెట్లు చవక.

సున్నం కొట్టడంలో మెలకువ లేకపోతే వారం రోజుల్లో అది చీపురుకు వచ్చేస్తుంది. నాదీ మొదటిసారి అట్లనే వచ్చింది. మిట్టమధ్యాహ్నం కాలుతున్న స్లాబు మీద కొట్టాను. కొట్టిన రెండు నిమిషాలకే ఆరిపోయి తెల్లగా మెరిసింది, భలే అనుకున్నాను. సున్నం ఆరడం వేరు, గట్టిపడడం వేరు. అది గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని తిరిగి సున్నపురాయిగా మారడం వల్ల. ఆ మార్పు జరగాలంటే తేమ కావాలి. తేమ రెండు నిమిషాల్లో ఎగిరిపోతే మిగిలేది పిండి. అందుకని పని సాయంత్రం ఐదు దాటాక మొదలుపెట్టాలి. ముందు పాకుడును గీకి, ఊడ్చి, కడిగి, స్లాబు తడిగా ఉండగానే పలుచగా మొదటి పూత. రెండోది మర్నాడు పొద్దున్నే. సున్నంలో కాస్త తెల్ల సిమెంటు, ఫెవికాల్ లాంటి జిగురు కలుపుకుంటే పట్టు ఎక్కువ. రాళ్లసున్నం తెచ్చి మీరే నానబెట్టేట్టయితే ముందు రోజు రాత్రే పోసి దూరంగా ఉండండి. నీళ్లు తగలగానే అది సలసలా ఉడుకుతుంది. కంట్లో చుక్క పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పిల్లలున్న ఇంట్లో డ్రమ్ము మీద మూత మరవొద్దు.

కంపెనీ పెయింట్ల సంగతి అడుగుతారు. అవి మంచివే, కొన్నేళ్లు ఉంటాయి, వాననూ కొంత ఆపుతాయి, ఖరీదు మాత్రం ఎక్కువ. సున్నం ఒక్క వానాకాలానికే కడుక్కుపోతుంది. నా ఉద్దేశంలో అదొక రకంగా మేలే. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు చలి ఎట్లుంటుందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. డిసెంబరుకు సున్నం పోయి స్లాబు మళ్లీ నల్లబడితే పగటి ఎండను దాచి రాత్రికి ఇస్తుంది. రేకుల ఇంటికి మాత్రం వెండిరంగు వేయించకండి. వెండిరంగు ఎండను కొంత తిప్పికొడుతుంది గానీ, తాను పట్టుకున్న వేడిని త్వరగా వదలదు. తెలుపు రెండు పనులూ చేస్తుంది. పాతవి సిమెంటు రేకులైతే పొడి బ్రష్షుతో గీకొద్దు, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిపి, మెత్తగా కడిగి రంగు వేయండి.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ప్రభుత్వ భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు ఇట్లాంటి చల్లని కప్పు తప్పనిసరి అన్నారు. అంతకన్నా చిన్న ఇళ్లకు అది ఇష్టాన్ని బట్టి. ఆలోచన మంచిదే. వరంగల్‌లో కరీమాబాద్‌లోనో శివనగర్‌లోనో 80, 100 గజాల్లో గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇళ్లను చూస్తే మాత్రం, సున్నం అందరికన్నా ఎక్కువ అవసరమైనవాళ్లకే అది ‘మీ ఇష్టం’గా మిగిలిందనిపిస్తుంది.

ఒక బిందె నీళ్ల లెక్క

సాయంత్రం కాగానే బంగ్లమీద పైపు పట్టి నీళ్లు కొట్టడం మన వీధుల్లో మామూలే. పనిచేస్తుందా? చేస్తుంది, మనం చేసే పద్ధతిలో మాత్రం కాదు. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు మూడింట రెండు వంతుల యూనిట్ వేడిని పట్టుకుపోతుంది. ఇందాకటి గది కప్పులో 10 యూనిట్ల వేడి ఉందనుకున్నాం కదా. దానికి 15 లీటర్లు చాలు, అంటే ఒక బిందె! కానీ ఆ నీరు స్లాబు మీదే ఆవిరి కావాలి. పైపుతో కొడితే ముప్పాతిక నీళ్లు తూములోంచి కిందికి దూకి పక్కింటి గోడను తడుపుతాయి. పైగా ఎండాకాలంలో బోరు నీళ్లను అట్లా పారబోస్తే వీధిలో మాట పడతాం. పాత గోనె సంచులు పరిచి, బిందెతో మెల్లగా తడిపితే అదే నీరు రెండు గంటలు నిలుస్తుంది. మా అమ్మ ఈ పని సున్నం కన్నా ముందు నుంచే చేసేది. కుండ చుట్టూ తడిబట్ట చుట్టినట్టే కదా, ఇందులో పెద్ద ముచ్చట ఏముంది అనేది. నిజమే, నేను లెక్కలు వేసి చెప్పింది అదే.

ఇదే నీటి గుణం మీద కూలరూ నడుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది. 43 డిగ్రీల ఎండలో గాలి తేమ 20 శాతం ఉందనుకుంటే, మంచి గడ్డి, సరిపడా నీళ్లున్న కూలరు ఆ గాలిని 29, 30 డిగ్రీల దాకా దించగలదు. 13 డిగ్రీలు తక్కువేం కాదు. జూన్‌లో రెండు వానలు పడ్డాక బయట 36 డిగ్రీలే ఉండొచ్చు, తేమ మాత్రం 60 శాతం. అప్పుడు అదే కూలరు 5 డిగ్రీలకు మించి దించలేదు, పైగా గదిని తడిగాలితో నింపుతుంది. చెమట ఆరదు. ‘కూలరు ఖరాబైంది’ అని మెకానిక్కు దగ్గరికి మోసుకుపోయేది సరిగ్గా అప్పుడే. ఖరాబైంది కూలరు కాదు, కాలం మారింది. నీళ్ల పంపు ఆపేసి ఫ్యానొక్కటే తిప్పుకుంటే సరిపోయేదానికి రెండు వందలు వదులుతాయి.

కూలరు పెట్టేటప్పుడు చేసే పెద్ద తప్పు, ఏసీలాగా తలుపులన్నీ మూయడం. కూలరుకు బయటి పొడిగాలి కావాలి, తడిసిన గాలి పోవడానికి దారి కావాలి. ఒక కిటికీలో కూలరు ఉంటే ఎదురు కిటికీ జానెడు తెరిచి ఉండాలి. గడ్డిమీద తెల్లగా ఉప్పు పేరుకుంటే గాలి ఆడదు. మా దిక్కు బోరు నీళ్లకు అది నెలరోజుల్లో పేరుకుంటుంది. తొట్టిలో నీళ్లను వారానికొకసారి పూర్తిగా వంచేసి, ఆరబెట్టి, మళ్లీ నింపాలి. డెంగీ దోమ మురుగులో కాదు, ఇట్లాంటి శుభ్రమైన నిలువ నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. అవి దోమలయ్యేందుకు వారం, పది రోజులు చాలు.

కరెంటు, 200 గీత

గృహజ్యోతి వచ్చాక ఇంటింటా ఒక గీత పుట్టింది. పథకం వర్తించే తెల్లరేషన్ కార్డు ఇళ్లకు నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. దాటితే దాటినవాటికి మాత్రమే కాదు, మొత్తానికీ కట్టాలి. 2024 మార్చి నుంచి ఈ లెక్క నడుస్తోంది. దాంతో ఎండాకాలం అంటే 200 చుట్టూ తిరిగే ఆటైంది. మామూలు కూలరు 150 నుంచి 200 వాట్లు, 12 గంటలు తిప్పినా రోజుకు రెండు, రెండున్నర యూనిట్లు. నెలకు 75 లోపే. ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రి 8 గంటలు వేస్తే రోజుకు 8, 10 యూనిట్లు, అంటే ఏసీ ఒక్కటే 200 దాటిస్తుంది. కాబట్టి నాదొక అభిప్రాయం: పై అంతస్తులో ఉండేవాళ్లు సున్నం కొట్టకుండా, పడమటి గోడకు నీడ చేయకుండా ఏసీ కొనడమంటే ఓటికుండలో నీళ్లు పోయడమే.

ఏసీ ఉన్నవాళ్లకు రెండు మాటలు. ఫిల్టరు రెండు వారాలకొకసారి మీరే తీసి కొళాయి కింద కడుక్కోండి, దానికి ఎవరూ రానక్కర్లేదు. 18 డిగ్రీల్లో పెడితే గది త్వరగా చల్లబడదు, ఆగకుండా నడుస్తుందంతే. 2020 నుంచి స్టార్ గుర్తున్న ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీలతో మొదలయ్యేలా చేశారు. 25, 26లో పెట్టి సీలింగు ఫ్యాను మెల్లగా తిప్పుకుంటే ఒంటికి అదే హాయి. ఇక ప్రతి మార్చిలో వినబడే మాట: ‘గ్యాస్ అయిపోయింది సార్, నింపాలె.’ ఏసీలో గ్యాస్ పెట్రోలు లాంటిది కాదు, వాడితే అరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు చూపించకుండా గ్యాస్ నింపుతానంటే వచ్చే ఏడాది అదే మాట మళ్లీ వింటారు. నేను రెండేళ్లు వరసగా విన్నాను, రెండుసార్లూ డబ్బు కట్టాను, మూడో ఏడు ఇంకో మెకానిక్కు సబ్బునురగ పూసి నట్టు దగ్గర బుడగలు చూపించాడు.

దీనికన్నా ముఖ్యమైన సంగతి ఎర్తింగు. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కూలరు షాకుతో చనిపోయిన వార్త ప్రతి ఎండాకాలం పేపర్లో చదువుతూనే ఉంటాం. ఇనుప బాడీ, లోపల నీళ్లు, నీళ్లలో పంపు, తడి నేల, ఉత్త కాళ్లు, అన్నీ ఒక్కచోట ఉంటాయి. పంపు వైరు ఒలిచినచోట లీకైన కరెంటు ఎర్తు తీగ ద్వారా భూమిలోకి పోవాలి. ఇబ్బంది ఎక్కడంటే, ఎర్తు గుంత పనిచేసేది మట్టిలో తడి ఉన్నప్పుడే. మే నెలలో చుట్టూ మట్టి ఎండి పగుళ్లిచ్చాక కరెంటుకు అటు దారి దొరకదు, మన ఒంట్లోంచి దొరుకుతుంది. అంటే ఎర్తింగు ఎక్కువ అవసరమయ్యే నెలలోనే అది బలహీనపడుతుంది. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఆ గుంతలో వారానికి రెండుసార్లు బకెట్ నీళ్లు పోయండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) లేకపోతే ఈ వేసవికి అన్నిటికన్నా ముందు పెట్టించాల్సిన ఖర్చు అదే. ఉంటే నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి పడుతుందో లేదో చూడండి. కూలరులో నీళ్లు పోసేముందు స్విచ్చి ఆపడం చాలదు, ప్లగ్గు పీకాలి.

నీళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. బంగ్లమీది నల్ల ట్యాంకులో మధ్యాహ్నం నీళ్లు చెయ్యి పెట్టలేనట్టు కాగుతాయి. గోనెపట్టా చుట్టినా, మీద చిన్న నీడ వేసినా తేడా తెలుస్తుంది. తెల్ల ట్యాంకు కొనేట్టయితే వెలుతురు లోపలికి చొరని పొరలున్నది చూసుకోండి, లేకపోతే లోపల పాకుడు పడుతుంది. బోరు మోటరు మేలో కాలిపోవడానికి ఎక్కువగా రెండే కారణాలు: లో వోల్టేజీ, లేదంటే నీరు కిందికి దిగి మోటరు పొడిగా తిరగడం. సబ్‌మెర్సిబుల్ మోటరును చల్లగా ఉంచేది దాని చుట్టూ ఉన్న నీళ్లే. గాలి, నీళ్లు కలిసి తన్నడం మొదలైతే వెంటనే ఆపేసి రెండు గంటలు ఆగాలి.

మిరుగు వచ్చేలోపల

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. రోలు పగలడం నేను చూడలేదు గానీ స్లాబు పగలడం చూశాను. 40 అడుగుల పొడవు స్లాబు, పగటికీ తెల్లవారుజాముకూ మధ్య 30 డిగ్రీల తేడా ఉంటే, మూడు మిల్లీమీటర్లకు పైగా సాగి ముడుచుకుంటుంది. రోజుకోసారి, ఎండాకాలమంతా. పిట్టగోడ మాత్రం దానితోపాటు అంతే సాగదు. అందుకే పగులు ఎక్కువగా స్లాబు నడుమ కాదు, పిట్టగోడ కింద, స్లాబు కలిసే మూలలో వస్తుంది. మిరుగు (మృగశిర) కార్తెలో మొదటి వాన పడగానే గోడ పైభాగంలో తడి దిగేది అక్కడి నుంచే. కాబట్టి వేడి పని, వాన పని వేరువేరు కావు, ఒకే పగులుకు రెండు ముఖాలు. తెల్లగా ఉన్న స్లాబు తక్కువ కాలుతుంది, తక్కువ సాగుతుంది, తక్కువ పగులుతుంది.

పోయినేడు మే మూడో వారంలో పగుళ్లు పూడ్పిద్దామని ఒక పెద్దమేస్త్రిని పిలిచాను. పని ముగించుకుని సాయంత్రం వస్తాడనుకుంటే పొద్దున ఐదున్నరకే తలుపు కొట్టాడు. ఇంత పొద్దుగాల ఎందుకని అడిగితే, ‘ఎండకు స్లాబు ఉబ్బుతది సారూ, పగులు మూసుకుంటది, కానరాదు. ఇప్పుడైతే నోరు తెరుసుకుని ఉంటది, సూడున్రి’ అన్నాడు. నిజంగానే, ముందురోజు మధ్యాహ్నం నేను వెంట్రుక అనుకున్న గీతలో ఆ పొద్దున పోస్టుకార్డు అంచు దూరింది. ఆయన ఉత్త సిమెంటు వద్దన్నాడు. సిమెంటు గట్టిది, స్లాబు కదిలితే అది కదలదు, వారంలో పక్కనే కొత్త గీత వస్తుంది. పగులును వి ఆకారంలో చెక్కి, దుమ్ము ఊది, రబ్బరులా సాగే సీలెంటు నింపి, మూలలో సిమెంటు మసాలాతో వాలుగా గోలా (గుండ్రటి అంచు) కట్టాడు. వెడల్పుగా ఉన్న పొద్దుటి పగులులో నింపితే మధ్యాహ్నం అది నొక్కుకుంటుంది గానీ ఊడదు. మధ్యాహ్నం నింపితే తెల్లారేసరికి అంచు వదిలేస్తుంది.

రేకుల ఇళ్లవాళ్లకు మిరుగు దాకా ఆగే వీల్లేదు. ఏప్రిల్, మేలో సాయంత్రం లేచే గాలిదుమారానికే రేకులు లేచిపోతాయి. కొక్కేల వాషర్లు ఎండకు బీటలిచ్చి ఉంటాయి, అవి మార్చుకోవాలి. రేకుల మీద రాళ్లు పెట్టడం మాత్రం మానుకోండి. గాలికి రేకు లేస్తే ఆ రాయి ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు.

పగుళ్లు పూడ్చాక సరిగ్గా పూడాయో లేదో తెలియాలి కదా. తూముకు గుడ్డ కుక్కి, మట్టితో చిన్న గట్టు కట్టి, అనుమానమున్న మూలలో మాత్రం ఒక రోజంతా రెండంగుళాల నీళ్లు నిలబెట్టమని మేస్త్రి చెప్పాడు. బంగ్లంతా నింపేంత నీళ్లు మేలో ఎవరి దగ్గరుంటాయి! ఆ పూటకు కింద పడకగది సీలింగులో రూపాయి బిళ్లంత తడి మచ్చ వచ్చింది. మేస్త్రి జేబులోంచి పెన్సిల్ తీసి, స్టూలెక్కి, దాని చుట్టూ గీత గీసి తేదీ వేశాడు. రేపు పెరిగిందా లేదా చూసుకో అన్నాడు. మర్నాడు మచ్చ గీత దాటలేదు, మూడోనాటికి ఆరిపోయింది. ఆ గీత ఇంకా అట్లనే ఉంది. ఈ ఏడు సున్నం కొట్టాక, మే మొదటి వారంలో రాత్రి పదిన్నరకు మళ్లీ స్టూలెక్కి, ఆ గీత పక్కనే అరచెయ్యి ఆనించి చూశాను. గోరువెచ్చగా ఉంది.